దారి పక్కన విడిది

పూర్వం దూరప్రయాణాన్ని మజిలీలతో కొలిచేవారు. మధిర సుబ్బన్న దీక్షితులు రచించిన కాశీమజిలీ కథలలో మణిసిద్ధుడనే యతి తన వెంట వచ్చే గోపబాలునికి మజిలీ మజిలీకి కథలు చెబుతూ కాశీకి నడుస్తాడు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణంలో బయలుదేరి, 1831 సెప్టెంబరులో తిరిగి చేరేవరకు తాను దిగిన ఊళ్లను, అక్కడి వసతులను కాశీయాత్రచరిత్రలో నమోదు చేశాడు. పగటి నడక సంగతి ఎలా ఉన్నా, పొద్దుగూకిన తరువాత తలదాచుకునే చోటు ఎక్కడ అన్నదే బాటసారికి అసలు ప్రశ్న. మన దేశంలో సత్రం, చావడి, మామిడితోపు, గుడి మంటపం ఈ ప్రశ్నకు సమాధానాలయ్యాయి. కారు వచ్చిన తరువాత ఇదే ప్రశ్న అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మరొక రూపంలో తలెత్తింది. అక్కడ దొరికిన సమాధానాలలో ఒకటి విలక్షణమైనది.

ఆ దేశపు పశ్చిమ రాష్ట్రాలలో వేసవి వచ్చిందంటే కొందరు ముందస్తు ఏర్పాట్లేవీ లేకుండానే ప్రయాణమవుతారు. గురువారం సాయంత్రం ఆలోచన పుడుతుంది. శుక్రవారం కారు కదులుతుంది. ఏదో ఒక జాతీయోద్యానం వారి గమ్యం. అయితే రాత్రి బస ఉద్యానంలో కాదు. దాని సరిహద్దుకు ఇవతల, ప్రధాన రహదారి నుండి చీలిన మట్టిబాట పక్కన కారు నిలిపి గుడారం వేసుకుంటారు, లేదా కారులోనే నడుము వాలుస్తారు. అక్కడ అద్దె లేదు, చీటీ లేదు, కావలివాడు లేడు. కుళాయి, మరుగుదొడ్డి, దీపం కూడా లేవు. తెల్లవారగానే చాప చుట్టుకుని ఉద్యానంలోకి సాగిపోతారు. ఇటువంటి బసను ప్రభుత్వ పరిభాషలో డిస్పర్స్‌డ్ క్యాంపింగ్ అంటారు. ఒకచోట గుమిగూడక ఎవరికి వారు విడివిడిగా దిగే విడిది అని దాని భావం. అది చట్టం అనుమతించిన పనే గాని దొంగచాటు వ్యవహారం కాదు. ఈ స్వేచ్ఛ ఎలా వచ్చింది, ఎవరి వలన నిలుస్తోంది, ఎవరి వలన తరుగుతోంది అన్నది పరిశీలింపదగిన విషయం.

అనుకోకుండా బయలుదేరడంలో అమెరికా వారికి ఒక ఆదిపురుషుడు ఉన్నాడు. 1903 మే నెలలో హొరేషియో నెల్సన్ జాక్సన్ అనే వైద్యుడు శాన్‌ఫ్రాన్సిస్కోలోని ఒక క్లబ్బులో కూర్చుని ఉండగా, మోటారు బండి మీద ఖండాన్ని దాటడం సాధ్యమా అన్న వాదం వచ్చింది. 50 డాలర్ల పందెం కాశాడు. అప్పటికి ఆ ప్రయాణానికి తగిన బండి కూడా ఆయన చేతిలో లేదు. కొద్ది రోజులలోనే వాడిన వింటన్ కారు ఒకటి కొని, క్రాకర్ అనే యంత్రజ్ఞుని వెంటబెట్టుకుని మే 23న బయలుదేరాడు. పట్టణాలు దాటితే బండి చక్రాల జాడలే దారులు. వాగులలో కారు దిగబడితే తాళ్లు కట్టి లాగారు. విరిగిన భాగాలకోసం పల్లెటూళ్ల కమ్మరి కొలిమిల వద్ద కాచుకున్నారు. నడుమ ఇడాహోలో ఒక కుక్కను కూడా ఎక్కించుకుని, ధూళి పడకుండా దాని కళ్లకు అద్దాలు తగిలించారు. 63 రోజుల తరువాత, జూలై 26న, న్యూయార్క్ చేరారు. పందెం సొమ్మును జాక్సన్ వసూలు చేసుకోనేలేదని చెబుతారు. ఖర్చు వేల డాలర్లయిన చోట 50 డాలర్ల ఊసు ఎవరికి పడుతుంది?

జాక్సన్ చేసిన సాహసం పాతికేళ్లు తిరగకముందే సామాన్య గృహస్థుని వేసవి వినోదమయింది. ఫోర్డు కంపెనీ 1908లో విడుదల చేసిన టి నమూనా కారు ధర ఏటేటా తగ్గుతూ వచ్చింది. 1872లో ఏర్పడిన ఎల్లోస్టోన్ జాతీయోద్యానంలోకి అప్పటివరకు గుర్రపు బండ్లే వెళ్లేవి. 1915 ఆగస్టులో కార్లను అనుమతించారు. హెన్రీ ఫోర్డు, థామస్ ఎడిసన్, హార్వే ఫైర్‌స్టోన్ కలిసి ఏటా కార్లలో వెళ్లి గుడారాలలో బసచేస్తూ పత్రికలకెక్కారు. వంటవారు, పరిచారకులు, ఛాయాచిత్రకారులు వెంట ఉన్న ఆ విడిదిని దేశసంచారమనడం కంటే ఊరేగింపనడం సబబు. అయినా వారిని చూసి వేలాది కుటుంబాలు కారు వెనుక గుడారం కట్టుకుని దారిపట్టాయి. ఎక్కడ పొద్దుగూకితే అక్కడే బస. రైతు పొలం గట్టు, బడి ఆవరణ, ఏటి ఒడ్డు, ఏదైనా సరే.

మొదట్లో రైతులు ఆదరించారు. క్రమంగా చెట్ల మీది పండ్లు మాయం కావడం, కంచె కర్రలు పొయ్యిలోకి పోవడం, ఖాళీ డబ్బాలు పొలంలో మిగలడం మొదలైంది. "ప్రవేశం నిషిద్ధం" అన్న పలకలు వెలిశాయి. అప్పుడు పట్టణాల వర్తకులు ఒక ఉపాయం ఆలోచించారు. ఊరి చివర ఉచిత విడిది స్థలం ఏర్పాటు చేస్తే బాటసారులు అక్కడ దిగి, తమ అంగళ్లలో సరుకులు కొంటారు కదా! 1920 దశకం తొలి సంవత్సరాలలో ఇటువంటి ఉచిత స్థలాలు ఊరూరా వెలిశాయి. అయితే ఉచితమన్నందున పనులు వెతుక్కుంటూ పాత కార్లలో తిరిగే పేద కుటుంబాలు కూడా వచ్చి దిగాయి. వేడుకకై వచ్చిన వారికి, వేరే దారి లేక వచ్చిన వారికి ఒకే చోట పొయ్యి వెలగడం పట్టణ పెద్దలకు రుచించలేదు. రుసుము పెట్టారు, బసకు గడువు విధించారు. రుసుము ఇచ్చినవారు వసతులు కోరారు. గుడారం చోట చెక్క గది వచ్చింది, దానిలోకి మంచం వచ్చింది. 1925లో కాలిఫోర్నియాలోని శాన్ లూయిస్ ఒబిస్పోలో మోటెల్ అనే కొత్త మాటతో వసతిగృహం తెరుచుకుంది. నేటి రహదారుల పక్కన కనిపించే మోటెళ్లకు పూర్వరూపాలలో ఈ ఉచిత విడిది ఒకటి.

జాతీయోద్యానాలు, అడవుల లోపల కథ ఇంకొక విధంగా నడిచింది. అక్కడ కంచె వేయించినది వర్తకులు కారు, చెట్ల వేళ్లు. కాలిఫోర్నియా అడవులలో వేల ఏళ్ల వయసుగల సికోయా, రెడ్‌వుడ్ మహావృక్షాల మొదళ్లలో కార్లు నిలిపి, గుడారాలు వేసుకోవడం వాడుకగా ఉండేది. ఇ. పి. మైనెకె అనే వృక్షవ్యాధి శాస్త్రజ్ఞుడు ఆ స్థలాలను పరిశీలించి ఒక నిర్ణయానికి వచ్చాడు. చెట్టును ఎవరూ గొడ్డలితో కొట్టడం లేదు, కొమ్మ విరవడం లేదు. అయినా చక్రాల బరువుకు, పాదాల తాకిడికి నేల గట్టిపడిపోయి, వేళ్లకు గాలి, నీరు అందక చెట్టు క్షీణిస్తోంది. విడిది చేసే ఏ ఒక్కరూ నేరం చేయకుండానే అందరూ కలిసి అడవికి కీడు చేస్తున్నారన్నమాట. 1932లో ఆయన ఒక విధానాన్ని సూచించాడు. ఒకే దిశలో సాగే వలయాకారపు బాట, దాని పక్కన కారు నిలపడానికి చిన్న చీలిక, ఆ చీలిక వద్దే బల్ల, పొయ్యి. కారు అంతకుమించి కదలకుండా అడ్డంగా రాళ్లు. నేడు అమెరికాలో ఏ ఉద్యానానికి వెళ్లినా కనిపించే విడిది స్థలాల అమరిక ఇదే. ఆ రాళ్లను చూసే యాత్రికులలో వాటి వెనుక ఉన్న వేళ్ల కథ ఎరిగినవారు తక్కువ.

ఈ విధంగా ఉద్యానం లోపలి బస క్రమబద్ధమైంది. నేడు ఎల్లోస్టోన్ వంటి చోట్ల దారి పక్కన కారు నిలిపి అందులో నిద్రించడం నిషిద్ధం. నిర్ణీత స్థలాలలోనే దిగాలి. లేదా అనుమతి పత్రం తీసుకుని లోపలి అడవిలోకి నడిచి వెళ్లాలి. స్థలాలను నెలల ముందుగా అంతర్జాలంలో కేటాయిస్తారు. పేరుపొందిన ఉద్యానాలలో తలుపు తెరిచిన కొన్ని నిమిషాలకే అవి నిండిపోతాయి. జనవరిలో కూర్చుని జూలై రాత్రిని ఎంచుకోగలవారికి చోటు దొరుకుతుంది. సెలవు ఎప్పుడు దొరుకుతుందో తెలియని కూలికి, మనసు పుట్టినప్పుడు బయలుదేరే యువకునికి దొరకదు. వారికి మిగిలినది సరిహద్దుకు ఇవతలి నేల.

ఆ నేల ఎవరిది? అమెరికా సమాఖ్య ప్రభుత్వం అధీనంలో జాతీయోద్యానాలు కాక మరి రెండు పెద్ద భూభాగాలు ఉన్నాయి. 1905లో ఏర్పడిన ఫారెస్ట్ సర్వీస్ చేతిలో సుమారు 19.3 కోట్ల ఎకరాల అడవులు, పచ్చిక బయళ్లు ఉన్నాయి. 1946లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ల్యాండ్ మేనేజ్‌మెంట్ అనే భూనిర్వహణ సంస్థ చేతిలో సుమారు 24.5 కోట్ల ఎకరాలు ఉన్నాయి. రెండూ కలిపితే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల విస్తీర్ణానికి ఆరు రెట్లకు పైమాటే. నెవాడా రాష్ట్రంలో ఐదింట నాలుగు వంతుల నేల సమాఖ్య ప్రభుత్వానిదే. ఉద్యానాలలో సంరక్షణ ప్రధానం; ఈ భూములలో బహుళ ప్రయోజనం ప్రధానం. పశువులు మేస్తాయి, కలప కొడతారు, గనులు తవ్వుతారు, బాటసారులు బసచేస్తారు.

ఇంత భూమి ఎవరికీ అమ్ముడుపోకుండా మిగలడానికి కారణం ఔదార్యం కాదు, వానలు లేకపోవడం. 1862 నాటి హోమ్‌స్టెడ్ చట్టం సేద్యం చేసుకునేవారికి 160 ఎకరాల చొప్పున భూమిని దాదాపు ఉచితంగా ఇచ్చింది. తడి ఉన్న నేలను జనం తీసుకున్నారు. ఎడారులు, రాతి కొండలు, చవిటి పర్రలు ఎవరూ అడగక ప్రభుత్వం వద్దే ఉండిపోయాయి. చివరకు 1976లో చేసిన చట్టం ఈ మిగులు భూములను అమ్మివేయడం ఆపి, సాధారణంగా ప్రజల సొత్తుగానే నిలిపి ఉంచాలన్న విధానాన్ని స్థిరపరచింది. ఒకప్పుడు ఎవరికీ అక్కరలేని నేలయే ఈనాడు బాటసారికి ఉచితమైన పాన్పయింది.

ఉచితమన్నందుకు నియమాలు లేవనుకోరాదు. సాధారణంగా ఒకచోట 14 రోజులకు మించి ఉండరాదు. ఆ తరువాత దూరంగా తరలిపోవాలి. కొత్త బాట చేయక, పూర్వం బండ్లు తిరిగిన బాటనే వాడాలి. వెనుకటివారు దిగిన చోటనే దిగాలి. నీటికి కనీసం 200 అడుగుల ఎడం పాటించాలి. అరిజోనా రాష్ట్రంలో ఇంకొక సొగసైన చట్టం ఉన్నది. ఎడారిలో మృగాలకు, పశువులకు ఆధారమైన నీటిగుంటకు పావుమైలు లోపల విడిది చేసి వాటి దారికి అడ్డు రాకూడదు. మనిషి పక్కనే పొయ్యి వెలిగించుకుని కూర్చుంటే దాహంతో వచ్చిన లేడి దూరాన నిలబడి వెనుదిరుగుతుంది. ఆ ఒక్క రాత్రి దానికి ఎంత దీర్ఘమో ఆ చట్టం వ్రాసినవారికి తెలుసు.

మరుగుదొడ్డి లేని చోట ఆరు నుండి ఎనిమిది అంగుళాల లోతున గుంట తవ్వి, పని అయిన తరువాత పూడ్చివేయాలి. వాడిన కాగితాన్ని సంచిలో మూటకట్టి వెంట తీసుకుపోవడం ఉత్తమం. పొడినేలలలో కుళ్లడమన్నది చాలా నెమ్మదిగా జరుగుతుంది గనుక, అక్కడ మలాన్ని సైతం ప్రత్యేకమైన సంచులలో మోసుకుపోవాలన్న నియమం కొన్ని చోట్ల ఉన్నది. వినడానికి ఏవగింపుగా తోచవచ్చు. కాని ఒక వేసవిలో ఒకే చెట్టు చాటుకు వందమంది వెళ్లిన చోటును చూసినవారికి ఆ నియమంలోని న్యాయం బోధపడుతుంది. ఎల్లోస్టోన్ చుట్టుపట్ల అడవులలో గ్రిజ్లీ ఎలుగులు తిరుగుతాయి. తినుబండారాలే కాదు, సబ్బు, పళ్లపొడి వంటి వాసనగల ఏ వస్తువునూ గుడారంలో ఉంచరాదు. మనుషుల తిండి రుచిమరిగిన ఎలుగు మళ్లీ మళ్లీ వస్తుంది. చివరకు దానిని చంపక తప్పని పరిస్థితి ఏర్పడుతుంది. ఒకరి గుడారంలో మిగిలిన రొట్టెముక్క ఒక మృగానికి మరణశాసనం కావచ్చు.

అన్నింటికన్నా గట్టి నియమం నిప్పును గురించినది. మంట మీద నీళ్లు కుమ్మరించి, బూడిదను కలిపి, మళ్లీ నీళ్లు పోసి, చివరకు అరచేతితో తాకి చూడాలి. చేతికి వేడి తగిలితే వదిలి వెళ్లరాదు. 2021 జూన్‌లో యూటా రాష్ట్రంలోని మోయాబ్ పట్టణం సమీపాన, లా సాల్ కొండలలో, ఎవరో ఆర్పకుండా వదిలిపోయిన విడిది మంట అంటుకుని సుమారు 9 వేల ఎకరాల అడవిని కాల్చివేసింది. కొన్ని ఇళ్లు కూడా దగ్ధమయ్యాయి.

మోయాబ్ పరిసరాలలో నిప్పుకు తోడు మరొక సున్నితమైన విషయం ఉన్నది. ఆర్చెస్, కాన్యన్‌ల్యాండ్స్ జాతీయోద్యానాలకు ఈ పట్టణం వాకిలి వంటిది. చుట్టూ ఉన్న ఎర్రని నేలపై అక్కడక్కడ నల్లగా, గరుకుగా, పొక్కిన రొట్టెవలె ఒక పొర కనిపిస్తుంది. ఎరుగనివారికి అది వట్టి మట్టి. నిజానికి అది సజీవమైన పొర. సూక్ష్మజీవులు, నాచు, శిలావల్కాలు అల్లుకుని ఇసుక రేణువులను పట్టి ఉంచుతాయి. గాలికి నేల కొట్టుకుపోకుండా కాపాడి, వాన చుక్కను నిలుపుకుని, మొక్కకు నత్రజనిని అందిస్తాయి. ఒక్క అడుగు పడితే అది పొడి అవుతుంది. మళ్లీ పూర్తిగా ఏర్పడడానికి ఏళ్లు, కొన్నిచోట్ల దశాబ్దాలు పడుతుంది. కారు ఒకటి బాట తప్పి పదిగజాలు వెళ్లి తిరిగివస్తే, ఆ రెండు చారలు ఆ నడిపినవాని పిల్లలు పెద్దవారయ్యేవరకు మిగిలి ఉండవచ్చు. మోయాబ్ చుట్టూ ఒకప్పుడు ఎక్కడైనా దిగగలిగేవారు. జనం పెరిగిన కొద్దీ భూనిర్వహణ సంస్థ ఒక్కొక్క లోయనే గుర్తించిన స్థలాలకు పరిమితం చేసింది. కొలరాడో నది పక్కన రుసుముతో కూడిన విడిది స్థలాలు ఏర్పరచింది. పొలం గట్టున ఆనాటి రైతు నాటిన పలకే ఇక్కడ మరొక లిపిలో వెలిసింది.

ఇంకా తెరిచి ఉన్న చోట్లలో ఒకటి దక్షిణ డకోటా రాష్ట్రంలో ఉన్నది. బ్యాడ్‌ల్యాండ్స్ జాతీయోద్యానానికి ఉత్తరాన, వాల్ అనే చిన్న ఊరికి దక్షిణాన, పచ్చిక మైదానం ఒక్కసారిగా తెగిపోయి, అంచు కింద చారల చారల మట్టి శిఖరాలు లేచి ఉంటాయి. ఆ అంచు వెంబడి వేసవి రాత్రులలో కార్లు, గుడారాలు బారులుగా కనిపిస్తాయి. ఆ శిఖరాలు ఏడాదికి సుమారు అంగుళం చొప్పున కోతకు గురవుతున్నాయి. గాలి ఎంత ఉధృతమంటే సరిగా మేకులు దిగవేయని గుడారం అర్ధరాత్రి లేచిపోతుంది. తొలి సూర్యకిరణం సోకినప్పుడు ఆ శిఖరాల మీది పసుపు, గులాబి, బూడిద వన్నెలను చూడడానికే జనం అంత గాలిని భరిస్తారు.

ఆ అంచు మీది పచ్చిక పేరు బఫెలో గ్యాప్ జాతీయ పచ్చికబయలు. పేరు చూస్తే అనాదిగా ఎవరూ తాకని మైదానమని తోస్తుంది. కాని ఇటువంటి పచ్చికబయళ్లలో పెద్దభాగం ఒకప్పుడు దున్నిన పొలాలే. చట్టం ఇచ్చిన 160 ఎకరాలతో వానలు లేని ఆ చోట సంసారం సాగదని వలసవచ్చిన రైతులు కష్టపడి తెలుసుకున్నారు. 1930 దశకపు కరవు, ధూళి తుఫానులు వారిని తరిమివేశాయి. ప్రభుత్వం చితికిపోయిన కమతాలను కొని, మళ్లీ గడ్డి మొలిపించింది. 1960లో వాటికి జాతీయ పచ్చికబయళ్లని పేరు పెట్టారు. నేటి యాత్రికుడు గుడారం మేకు దించే నేలలో ఎవరో ఒక రైతు ఓడిపోయిన సాగు దాగి ఉన్నది.

ఆ రైతు కంటే ముందు అక్కడ లకోటా ప్రజలు ఉన్నారు. ఆ మట్టి శిఖరాల సీమను మాకో సీచా, అంటే చెడ్డనేల, అని మొదట పిలిచినది వారే; ఆంగ్లనామం దానికి అనువాదం. 1868లో ఫోర్ట్ లారమీ వద్ద కుదిరిన ఒప్పందం ప్రకారం మిస్సోరీ నదికి పడమర ఉన్న దక్షిణ డకోటా భాగమంతా వారిదని అమెరికా ప్రభుత్వం అంగీకరించింది. 1874లో సమీపంలోని బ్లాక్‌హిల్స్ కొండలలో బంగారం బయటపడింది. 1877లో ఆ కొండలను తీసుకున్నారు. 1889లో మిగిలిన నేలను ముక్కలుచేసి, చాలా భాగాన్ని వలస రైతులకు తెరిచారు. 1980లో ఆ దేశపు సర్వోన్నత న్యాయస్థానం బ్లాక్‌హిల్స్‌ను తీసుకున్నందుకు పరిహారం చెల్లించవలసిందేనని తీర్పునిచ్చింది. లకోటాలు ఆ సొమ్మును ముట్టుకోలేదు. అది వడ్డీతో పెరిగి వంద కోట్ల డాలర్లు దాటినా, తమకు కావలసినది నేలయే గాని ధనం కాదన్న మాట మీదనే నిలిచారు. బ్యాడ్‌ల్యాండ్స్ ఉద్యానపు దక్షిణ భాగం నేటికీ వారి పైన్‌రిడ్జ్ రిజర్వేషన్‌లోనే ఉన్నది. "ఇది ప్రజలందరి నేల, ఎవరైనా ఉచితంగా దిగవచ్చు" అన్న వాక్యం చదివినప్పుడు, ఆ "అందరూ" అన్న మాట ఏ ఒప్పందాన్ని తుడిచి వ్రాసినదో కూడా తెలిసి ఉండడం చదువుకున్నవారికి ధర్మం.

తెలుగు దేశపు అడవికి వచ్చి చూస్తే ఈ ప్రశ్నలు అపరిచితమైనవి కావు. నల్లమలలో చెంచులు తరతరాలుగా నివసిస్తున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యాలలోకి ప్రవేశానికే అనుమతి అవసరం; ఇష్టం వచ్చిన చోట గుడారం వేయడమన్న మాటే లేదు. హైదరాబాదు నుండి శ్రీశైలం వెళ్లే దారిలో పులుల అభయారణ్యం గుండా సాగే భాగంలో రాత్రివేళ వాహనాల రాకపోకలను ఆపివేస్తారు. అమెరికాలో ఉద్యోగాలు చేసుకునే తెలుగు యువకులు వారాంతపు సెలవులకు మిత్రులతో కలిసి కారు తీసుకుని గ్రాండ్ కాన్యన్‌కో, ఎల్లోస్టోన్‌కో బయలుదేరడం ఈనాడు సర్వసాధారణం. అక్కడ గదులన్నీ నిండిపోయినప్పుడు, గ్రాండ్ కాన్యన్ దక్షిణ ద్వారానికి ఇవతల ఉన్న కైబాబ్ జాతీయ అడవిలో బాట పక్కన దిగవచ్చునని తెలిసి విస్తుపోతారు. అడవి అనగానే చెక్‌పోస్టు, అధికారి, చీటీ గుర్తుకు వచ్చే మనకు ఆ తెరిచిన బాట అద్భుతంగా తోచడం సహజం. అయితే రెండు దేశాలను ఒకే త్రాసులో తూచడం న్యాయం కాదు. ఎడారిలో ఎకరాల కొద్దీ నేలకు ఒక్క మనిషి తగిలే చోటు వేరు. పులి, చెంచుగూడెం, యాత్రికుల రద్దీ ఒకే కొండల నడుమ సర్దుకోవలసిన చోటు వేరు. ఇంకొక హెచ్చరిక కూడా అవసరం. ఆ కైబాబ్ అడవి సుమారు 7 వేల అడుగుల ఎత్తున ఉంటుంది. కింది ఎడారిలో చెమటలు పట్టిన మధ్యాహ్నమే పైన రాత్రి గడ్డకట్టే చలి కావచ్చు. ఫోనుకు సంకేతం అందదు. తాగే నీరంతా వెంట తెచ్చుకోవలసిందే.

వేడుకకై దిగేవారి పక్కనే మరొక వర్గం దిగుతోంది. అరిజోనా ఎడారిలోని క్వార్ట్‌జ్‌సైట్ చుట్టూ శీతకాలంలో వేల సంఖ్యలో ఇంటిబండ్లు వచ్చి నిలుస్తాయి. వారిలో వెచ్చదనం వెతుక్కుంటూ వచ్చిన సంపన్న వృద్ధులు ఉంటారు. అద్దె చెల్లించలేక ఇల్లు వదిలి వ్యానునే ఇల్లుగా మార్చుకున్న వృద్ధులూ ఉంటారు. జెస్సికా బ్రూడర్ 2017లో ప్రచురించిన నోమాడ్‌ల్యాండ్ అనే గ్రంథం ఈ రెండవవారి బ్రతుకులను లోకానికి చూపింది. దాని ఆధారంగా 2020లో వచ్చిన చిత్రానికి ఆస్కార్ బహుమతి లభించింది. 14 రోజుల నియమం సెలవులకు వచ్చినవానికి అందని పెద్ద గడువు. వేరే ఇల్లు లేనివానికి అదే నెలకు రెండుసార్లు వచ్చే ఖాళీచేయమనే తాఖీదు.

వ్యోమింగ్‌లోని జాక్సన్ పట్టణంలో ఈ రెండు వర్గాలు ఒకే కొండ మీద కలుస్తాయి. గ్రాండ్ టీటన్ జాతీయోద్యానానికి ఆనుకుని ఉన్న ఆ పట్టణంలో ఇళ్ల ధరలు అమెరికాలోనే అత్యధికమైన వాటిలో లెక్కకు వస్తాయి. వేసవిలో అక్కడి హోటళ్లలో పాత్రలు కడిగేవారికి, పడకలు సర్దేవారికి ఊరిలో గది దొరకదు. చాలాకాలం వారిలో కొందరు ఉద్యానానికి తూర్పున, బ్రిడ్జర్-టీటన్ జాతీయ అడవిలోని షాడో కొండ మీద కారులోనే నిద్రించి, ఉదయం పనికి దిగేవారు. అదే కొండ మీద, ఎదురుగా మంచుశిఖరాలను చూస్తూ ఒక్క రాత్రి గడపడానికి దేశమంతటి నుండి యాత్రికులు వస్తారు. రద్దీ పెరిగింది, చెత్త, ఆర్పని మంటలు, తొక్కివేసిన మొక్కలు పెరిగాయి. అటవీ అధికారులు స్థలాలకు అంకెలు వేసి, జాక్సన్ సమీపంలోని ఇటువంటి చోట్ల వేసవి గడువును 5 రోజులకు కుదించారు. కొండను కాపాడడానికి అది అవసరమేనని వాదించడం సులభం. యాత్రికునికి 5 రోజులు ధారాళంగా సరిపోతాయి. హోటలులో పడకలు సర్దే పనివాడు మాత్రం ఆరవ రోజున పని ముగించుకుని, చీకటిలో కారు దీపాలు వేసుకుని, ఇంకా దూరంగా ఉన్న మరొక మట్టిబాటను వెతుక్కుంటాడు.